ముందు చక్రాల షాఫ్టు

ఫోర్ బై ఫోర్ అని ఎవరైనా గొప్పగా అంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. బండి వెనక ఆ స్టిక్కరు అంటించుకుని ఏలూరు బజారుకి కూరగాయల కోసం వెళ్ళేవాళ్ళను బోలెడుమందిని చూశాను. నాలుగు చక్రాలూ తిరగడం గొప్పేమీ కాదు, తోపుడుబండికీ తిరుగుతాయి. ఇంజను బలం నాలుగింటికీ అందడమే ఆ మాటకు అర్థం. అందుతోందో లేదో చూసుకునేవాళ్ళు తక్కువ. అందని బండి ఒకటి నా చేతికిచ్చి, అందుతోందని నన్ను నమ్మనిచ్చి, దాని పేరు చెప్పి నా చేతిలో ఉన్న చెరువు లాక్కున్నారు. ఇరవై ఏళ్ళు కావస్తోంది. కోపం చల్లారిందా అని మా అక్కయ్య అప్పుడప్పుడు ఫోన్లో అడుగుతుంది. చల్లారలేదనే చెప్తాను.

ఇంజన్ల సంగతి నాకెలా తెలుసని కొత్తవాళ్ళు ఆశ్చర్యపోతారు. మా నాన్నగారికి తాడేపల్లిగూడెంలో మోటారు విడిభాగాల షాపు ఉండేది. మా వాళ్ళందరూ ఉల్లిపాయలు, బెల్లం, బట్టలు అమ్ముకుంటుంటే ఆయన ఒక్కరే ఈ నూనె మరకల వ్యాపారంలో దిగారు. కాలేజీ అయ్యాక సాయంత్రాలు నేను వెళ్ళి కౌంటర్లో కూర్చునేదాన్ని. మొదట్లో ఆడపిల్లను చూసి డ్రైవర్లు మొహమాటపడి, నాన్నగారు భోంచేసి వచ్చేదాకా బయట బల్ల మీద కూర్చునేవారు. కొన్నాళ్ళకి ఆయనున్నా నన్నే అడగడం మొదలుపెట్టారు, ఎందుకంటే ఏ డబ్బా ఏ అరలో ఉందో ఆయన మర్చిపోయేవారు, నేను మర్చిపోయేదాన్ని కాదు.

ఒక రోజు బేరాలు లేక ఈగలు తోలుకుంటున్నప్పుడు, ఇంజన్లన్నీ ఒకలాగే ఉంటాయా అని అడిగాను. ఆయన కౌంటరు అద్దం మీద నాలుగు అగ్గిపెట్టెలు వరసగా నిలబెట్టారు. మనం రోజూ అమ్మే సరుకంతా దీనికేనమ్మా అన్నారు. నాలుగు సిలిండర్లు ఒకే వరసలో, బండి పొడుగునా. మొదటిది రేడియేటరు దగ్గర, నాలుగోది డ్రైవరు కాళ్ళ దగ్గర. జీపులన్నీ అంతే. తర్వాత ఆ వరసను అలాగే పట్టుకుని అడ్డంగా తిప్పారు. చిన్న కార్లలో ఇలా అడ్డంగా పెడతారు. ముందు భాగం పొట్టిదైపోయి లోపల మనుషులకు చోటు మిగులుతుంది, బలం పక్కనే ఉన్న ముందు చక్రాలకు వెళ్తుంది. ఇంజను అదే, కూర్చోబెట్టిన తీరు వేరు, బండి స్వభావమే మారిపోతుంది.

ఆ తర్వాత మధ్యలో ఒక పెన్సిలు పెట్టి, రెండు అగ్గిపెట్టెలను ఇటు, రెండింటిని అటు పడుకోబెట్టారు. దీన్ని బాక్సరు ఇంజను అంటారట. పిస్టన్లు ఎదురెదురుగా కొట్టుకుంటాయి కనక ఒకదాని అదురు ఇంకోదాని అదురును మింగేస్తుంది, ఇంజను మీద నీళ్ళ గ్లాసు పెట్టినా తొణకదని చెప్పారు. పల్లంగా ఉండడం వల్ల మలుపుల్లో బండి ఒరగదు కూడా. భీమవరం వైపు ఒక డాక్టరుగారికి అలాంటి పాత విదేశీ కారు ఉండేది, ఇంజను ముందు కాకుండా వెనక, డిక్కీ ఉండాల్సిన చోట ఉండేది. దానికి ఏం కావాలన్నా మద్రాసుకో బొంబాయికో రాయాల్సి వచ్చేది. హెడ్లు రెండు, గాస్కెట్లు రెండు, తలనొప్పులు రెండు. రెండేసి సిలిండర్లను ఏటవాలుగా నిలబెట్టే ఇంకో రకం కూడా ఉందన్నారు కానీ, దాన్ని ఆయన కూడా బొమ్మలోనే చూశారు.

వీటిలో ఏది మంచిదని అడిగాను. గూడెంలో గాస్కెట్ దొరికేదే మంచి ఇంజనమ్మా అన్నారు. అది షాపువాడి జవాబు. నాకు మాత్రం ఆ బాక్సరు మీద మనసు పోయింది. సమానంగా ఎదురెదురు కూర్చుని పనిచేసే నాలుగు సిలిండర్లు ఎక్కడున్నా మంచివే అనిపించింది. అప్పటికి నాకు పెళ్ళి కాలేదు కనక అలాంటివి అనిపించేవి.

మా పెళ్ళిచూపులు కూడా ఇంజన్ల మీదే జరిగాయి. పెళ్ళికొడుకు తలొంచుకుని కూర్చుంటే, మాట్లాడిందంతా వాళ్ళన్నయ్యే. ఏలూరులో తవుడు, వేరుశనగ చెక్క వ్యాపారం, మండవల్లి వైపు లీజుకు తీసుకున్న రెండు చేపల చెరువులు, వాటికి తిరగడానికి ఒక జీపు, కొత్తగా కొన్న చిన్న కారు. కారు గురించి చెప్తూ, ఏం ఇంజనో ఏమో, తాపీగా పోతుందండీ అన్నారు. కాఫీ అందిస్తున్నదాన్ని ఊరుకోలేక, అడ్డంగా పెట్టిన ఇంజనండీ, ముందు చక్రాలే లాగుతాయి, అందుకే వానలో మీ జీపుకన్నా రోడ్డు మీద నిలకడగా ఉంటుంది అన్నాను. మా అమ్మ నా కాలు తొక్కింది. ఆయన మాత్రం పెద్దగా నవ్వి, పిల్ల బలే తెలివైందండీ అన్నారు. సంబంధం ఖాయమైపోయింది. అప్పుడు అది మెచ్చుకోలనే అనుకున్నాను.

పెళ్ళయ్యాక తెలిసింది, ఆ ఇంట్లో నా తెలివి వచ్చినవాళ్ళకు చూపించే సామాను. కారు కొనాలనుకునే చుట్టం ఎవరైనా వస్తే నన్ను వంటింట్లోంచి పిలిచేవారు. నేను చెప్పింది విని అందరూ తలాడించి, నిజమేనంటారా అన్నట్టు మా బావగారి వైపు చూసేవారు. ఆయన ఔనంటే ఔను.

చెరువు నా చేతికి రావడానికి కారణం బావగారి నడుము. రెండువేల మూడో నాలుగో, ఆ ప్రాంతంలో ఆయనకు వెన్నుపూస జారి, గతుకుల్లో జీపు నడపొద్దని డాక్టరు గట్టిగా చెప్పారు. మావారు స్టీరింగ్ ముట్టుకోరు. ఒకసారి గుండుగొలను దగ్గర హైవే మీద గేదెను గుద్దబోయి తప్పించారు, ఆ భయం అలాగే ఉండిపోయింది. మనిషిని పెడితే తవుడు బస్తాలు మధ్యలో మాయమవుతాయని బావగారి అనుమానం. నాకు గూడెంలోనే నాన్నగారు డ్రైవింగ్ నేర్పించారు. కొన్నాళ్ళు ఎవరూ ఆ మాట ఎత్తలేదు. చివరికి నేనే వెళ్తానన్నాను.

ఇంట్లో అందరూ కూర్చుని ఉండగా బావగారు చెప్పారు, పెద్ద చెరువు కాపలావాడు చూసుకుంటాడు, చిన్నదాన్ని ఈ పంటకు నువ్వు చూడమ్మా, బాగా తీశావంటే ఇకమీదట ఆ చెరువు నీదే అని. నీదే అంటే పట్టా కాదు, ఆ చెరువు మీద పెత్తనం. ఎప్పుడు చేపపిల్లను వదలాలి, ఎంత మేత పెట్టాలి, ఎప్పుడు వల వెయ్యాలి, అన్నీ నేనే చెప్పొచ్చు. తవుడు కొట్టు వెనక గదిలో వంట చేసుకుంటూ ముసలిదాన్నైపోతానని భయపడుతున్నదానికి ఆ మాట ఎంత పెద్దదో అక్కడున్న మగవాళ్ళకు తెలియదు. నాకు ఏడుపొచ్చింది, దగ్గొచ్చినట్టు నటించి లోపలికి వెళ్ళిపోయాను.

ఆ వేసవంతా నా జన్మలో హాయిగా గడిచిన రోజులు. పొద్దున్నే వంట ముగించి, జీపులో తవుడు వేసుకుని బయల్దేరేదాన్ని. చెరువు గట్టు మీద కాపలా ఉండే ఆలుమగలు కన్నాలు పెట్టిన సంచుల్లో తవుడు నింపి, నీళ్ళలో పాతిన కర్రలకు కట్టేవారు. చేపలు వచ్చి ఆ కన్నాల దగ్గర మూతులు పెట్టి పీల్చుకుంటాయి. ఏ కర్ర దగ్గర నీళ్ళు ఎక్కువ కదులుతున్నాయో చూసి, చేప ఎక్కడ తిరుగుతోందో చెప్పడం నేర్చుకున్నాను. పైన తిరిగేవి బొచ్చెలు, నడిమి నీళ్ళలో శీలావతులు. నెలకోసారి చిన్న వల వేయించి, చేతిలో పట్టుకుని బరువు చూసేదాన్ని. నీచు వాసనతో ఇంటికి వచ్చానని మా తోటికోడలు ముక్కు మూసుకునేది. కోమటింట్లో ఈ వాసనేంటమ్మా అనేది. ఆ వాసన మీదే కదా ఇల్లు గడుస్తోంది అనేదాన్ని.

జీపు కూడా నాకు బాగా మాలిమి అయింది. గేరు రాడ్డు పక్కన ఇంకో పొట్టి రాడ్డు ఉంటుంది. అసలు సంగతంతా దాన్లో ఉంది. టూ హైలో పెడితే బలం వెనక చక్రాలకే వెళ్తుంది, మామూలు రోడ్లకు అది చాలు. ఫోర్ హైలో పెడితే ముందు చక్రాలూ లాగుతాయి, వేగం తగ్గదు. ఫోర్ లోలో పెడితే నాలుగూ లాగుతాయి, నడక నత్తలా ఉంటుంది కానీ ఎంత బరువునైనా ఈడుస్తుంది. ఈ ఫోర్ హైని గొప్పకు పోయి తారురోడ్డు మీద వాడకూడదు. మలుపులో ముందు చక్రాలు ఎక్కువ దూరం తిరగాలి, వెనకవి తక్కువ తిరగాలి. రెండింటినీ ఒకే తాటికి కట్టేస్తే స్టీరింగ్ బిగుసుకుపోతుంది, లోపల ఏదో ఒకటి విరుగుతుంది. బురదలో అయితే చక్రం కాస్త జారి ఆ తేడా సర్దుకుంటుంది.

ఖరీదైన విదేశీ బండ్లలో ఈ గొడవ లేదు. కొన్నిట్లో నాలుగు చక్రాలూ ఎప్పుడూ లాగుతూనే ఉంటాయి, ముందుకీ వెనక్కీ మధ్యలో ఇంకో డిఫరెన్షియల్ పెట్టి ఆ తేడాను తీసేస్తారు. ఇంకొన్నిట్లో అంతా దానంతట అదే. లాగే చక్రాలు జారేదాకా మిగతావి ఊరికే దొర్లుతుంటాయి, జారాక అప్పుడు చెయ్యి కలుపుతాయి. అలాంటి సాయం మీద నాకు నమ్మకం లేదు. రాడ్డు లాగినవాడికే తను ఏ పరిస్థితిలో ఉన్నాడో తెలుస్తుందని నా అభిప్రాయం. అందుకే మా పాత జీపంటే నాకిష్టం. ఇంజను పొడుగునా ఉంది కనక గేరుబాక్సు దాని వెనకే, ఆ వెనక బలాన్ని ముందుకీ వెనక్కీ పంచే ట్రాన్స్‌ఫర్ కేసు. అక్కడినుంచి వెనక ఇరుసుకి ఒక షాఫ్టు, ముందు ఇరుసుకి ఒక షాఫ్టు తిన్నగా వెళ్ళిపోతాయి. అడ్డంగా పెట్టిన ఇంజనుకైతే బలాన్ని మలుపు తిప్పి వెనక్కి పంపాలి, అదంతా డొంకతిరుగుడు వ్యవహారం.

వానలు మొదలయ్యాక గట్టు ఎక్కే ముందు రోజూ ఆగి ఫోర్ హై వేసేదాన్ని. మలుపులో స్టీరింగ్ బిగుస్తుందని చదివిందీ విన్నదీ ఉంది, కానీ మా జీపుకి బిగిసేది కాదు. తొలి వానలకు గట్టు పైపైనే మెత్తబడింది కదా, అందుకే కాబోలు అనుకున్నాను. జీపు కూడా ఎక్కడా ఆగకుండా పోయేది. నా షాపు చదువులో లారీలు, టాక్సీలు ఉన్నాయి కానీ కొల్లేటి గట్ల మీది అలవాట్లు లేవు.

శ్రావణంలో ముసురు పట్టింది. సూర్యుడు మొహం చూపించలేదు, గాలి లేదు. అలాంటప్పుడు నీళ్ళలో ప్రాణవాయువు తగ్గిపోయి చేప ఊపిరాడక పైకి తేలుతుంది. ఒక పొద్దున స్టవ్ మీద పాలు పెట్టానో లేదో ఫోను మోగింది. కాపలావాడి భార్య. ఆమె ఎప్పుడూ నెమ్మదిగా మాట్లాడే మనిషి.

“అమ్మగారండి, చేపంతా గట్టు వారకి వచ్చేసి నోళ్ళు తెరుస్తోందండి. ఇంజన్లో డీజిలు లేదండి. మీరు బేగా రావాలండి.”

పక్క కాలవలోంచి నీళ్ళు తోడి చెరువులో చిమ్మితే ఊపిరి అందుతుంది. ఆ పంపు ఇంజనుకు డీజిలు, నీళ్ళలో చల్లే ఆక్సిజన్ బిళ్ళల డబ్బాలు జీపులో వేసుకుని పరుగెత్తాను. చెరువుకి వెళ్ళే గట్టు మొదట్లో ఆగి ఫోర్ హై వేశాను. ముసురుకి నల్లమట్టి నానిపోయి, కాలు పెడితే మడమ పైదాకా దిగేలా ఉంది. కొంచెం దూరం పోయాక జీపు వెనక భాగం చెరువు వైపు జారడం మొదలైంది. ఆపి ఫోర్ లో వేశాను. ఇంజను చప్పుడు మారింది, అరుపు పెరిగింది, బండి ముందుకు కదల్లేదు. వెనక చక్రాలు ఇరుసుదాకా దిగబడిపోయాయి.

తలుపు తీసి కిందకి చూశాను. నా పక్కనున్న ముందు చక్రం ఊరికే నిలబడి ఉంది. వెనక బురద తాటి ఎత్తు లేస్తోంది, ఇది మాత్రం చుట్టపుచూపుగా వచ్చినదానిలా కదలకుండా ఉంది. రాడ్డు సరిగ్గా పడలేదేమోనని తీసి వేశాను, మళ్ళీ తీసి వేశాను. ఎన్నిసార్లు లాగానో నాకే తెలియదు. ఇంత తెలిసినదాన్ని, ఎక్కడ తప్పు చేస్తున్నానని నన్ను నేను తిట్టుకుంటూ లాగాను. ఆ తిట్లే నాకు ఇప్పటికీ మంట. తప్పు నాలో వెతుక్కుంటూ ఆ కాస్త సమయం కూడా పోగొట్టాను.

కాపలావాళ్ళిద్దరూ పరుగెత్తుకొచ్చారు. ముగ్గురం డబ్బాలు నెత్తిన పెట్టుకుని చెప్పుల్లేకుండా గట్టు మీద నడిచాం. రెండడుగులు వేస్తే ఒకటి జారుతుంది. పంపు తిరిగి నీళ్ళు పడేసరికి బొచ్చెలు తెల్లటి పొట్టలు పైకి పెట్టి తేలిపోయాయి. ఊపిరి చాలకపోతే ముందు పోయేవి అవే. శీలావతులు కొన్ని ఇంకా నోళ్ళు కొడుతున్నాయి, కాసేపటికి అవీ తగ్గాయి. చేతిలో పట్టుకుని బరువు చూసిన చేపలు అవి. గట్టు మీద బురదలో కూర్చుని గట్టిగా ఏడ్చాను. కాపలావాడి భార్య నా వీపు మీద చెయ్యి వేసి పక్కన కూర్చుంది.

మా చెరువుకి రెండు చెరువుల అవతల పెదపాడు వైపు ఆసామి ఒకాయన సేద్యం చేసేవాడు. బావగారికి స్నేహితుడు, మా కొట్లోనే తవుడు కొంటాడు. ఎవరో చెప్తే తన జీపు తీసుకుని వచ్చాడు. మా దానిలాంటిదే, అదే మోడలు. నా జీపుకి మోకు కట్టి, రాడ్డు ఫోర్ లోలోకి లాగాడు. ఆయన జీపు ముందు చక్రాలు మెల్లగా బురదను కరుచుకుని తిరుగుతుంటే చూస్తూ నిలబడ్డాను. నా జీపు పీట లాగినట్టు వెనక్కి వచ్చేసింది. థాంక్సండీ, మీ బండి బాగా లాగిందండీ అన్నాను. ఆ మాటకు ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు.

“అదేంటమ్మా, మీకు తెలవదా? ముందు షాఫ్టు మీదేనండి. నాది విరిగిపోతే మీ బావగారే ఇచ్చారు. మా ఆడవాళ్ళ చెరువుకి దాంతో పనేముంది, వాడుకోవయ్యా అన్నారండి.”

ఆయనలో ఏ కల్మషమూ లేదు. పైగా ఆ షాఫ్టు వల్లే నన్ను లాగగలిగాడని సంతోషిస్తున్నాడు కూడా. అప్పుడు వంగి చూశాను. నా జీపు కింద ట్రాన్స్‌ఫర్ కేసుకీ ముందు ఇరుసుకీ మధ్య ఉండాల్సిన షాఫ్టు లేదు. రెండు వైపులా బోల్టు కన్నాలకు గ్రీజు పూసి గుడ్డపీలికలు కట్టి ఉన్నాయి. నేను ఇన్నాళ్ళూ లాగిన రాడ్డుకి అవతల ఏమీ లేదు.

ఆ వైపు అదొక అలవాటని అప్పుడు చెప్పారు. ఆ జీపుల్లో రాడ్డు టూ హైలో ఉన్నా ముందు చక్రాలతోపాటు ఆ షాఫ్టు ఊరికే తిరుగుతూ డీజిలు తాగుతుంది. అందుకని చెరువుల వాళ్ళు వేసవి రాగానే షాఫ్టు ఊడదీసి కొట్లో పడేస్తారు, తొలకరికి ముందు మళ్ళీ ఎక్కిస్తారు. ఇంటింటా జరిగేదే. చలికాలానికి రగ్గులు బయటికి తీసినట్టు వానలకు ఎక్కిస్తారు, మామిడికాయలు వచ్చేసరికి దించేస్తారు. మా జీపుకి కూడా వేసవిలో దించారు, తొలకరికి మాత్రం ఎక్కించలేదు. బిగించడానికి అది కొట్లో లేదు కదా. ఇరుగుపొరుగు చెరువుల వాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు. గట్టు మొదట్లో నేను ఆగి రోజూ శ్రద్ధగా రాడ్డు లాగుతుంటే చూసి ఏమనుకున్నారో మరి.

ముందే ఒకసారి కిందకి చూసుకోవాల్సింది కదమ్మా అని తర్వాత చాలామంది అన్నారు. సొంత ఇంటివాళ్ళు ఇచ్చిన బండిని దొంగబండిలా తనిఖీ చేసుకోవాలని నాకెవరూ నేర్పలేదు.

చచ్చిన చేపను అయినకాడికి ఎండబెట్టేవాళ్ళకు ఇచ్చేశాం. ఆ సాయంత్రానికే బజారంతా తెలిసిపోయింది. ఆడమనిషి గట్టు మీద జీపు దిగబెట్టుకుంది, చెరువంతా పోయిందట అని. షాఫ్టు మాట ఆ కథలో ఎక్కడా లేదు. మర్నాడు పొద్దున కొట్లో తవుడు బస్తాల మధ్య అందరూ కూర్చున్నారు. నేను నిలబడే అడిగాను, షాఫ్టు ఇచ్చేసినట్టు నాకెందుకు చెప్పలేదు బావగారూ అని. ఆయన కోప్పడలేదు. ఆయనకు కోపం రాదు, అదే ఆయనతో చిక్కు. మెత్తగా అన్నారు.

“స్నేహితుడు అడిగితే లేదనలేం కదమ్మా. అయినా వానల్లో నువ్వు గట్టు ఎక్కుతావని నేననుకోలేదు. నాలుగు వానలు పడితే నువ్వే మానేస్తావనుకున్నాను.”

చేపల పంటంటే వానాకాలం దాటాలి. అది ఆయనకు తెలియనిది కాదు. అందరి ముందూ చెరువు నీదేనమ్మా అన్న రోజునే, తొలకరికి నేను ఇంట్లో కూర్చుంటానని లెక్క వేసుకుని అన్నారన్నమాట. నేను మానలేదు కనక షాఫ్టు లేని జీపు అడ్డం వచ్చింది. నడుము ఇప్పుడు బాగానే ఉందమ్మా, ఇక చెరువు సంగతి నేను చూసుకుంటాను, నువ్వు అనవసరంగా బెంగపెట్టుకోకు అన్నారు. అక్కడితో నా పెత్తనం ముగిసింది. దసరా వెళ్ళకముందే గుండుగొలను షెడ్డులో జీపుకి కొత్త షాఫ్టు బిగించారు, ఎందుకంటే ఇప్పుడు నడిపేది ఆయన.

ఒకటి రెండేళ్ళకు ప్రభుత్వం కొల్లేరు సరస్సులో చేపల చెరువుల గట్లు కొట్టించినప్పుడు మా చెరువూ అందులో పోయింది. ఎలాగూ పోయేదే కదా, ఎందుకింకా తలుచుకుంటావని మా అక్కయ్య అంటుంది. నా కోపం ప్రభుత్వం మీద ఉండాలట. గట్టు కొట్టినవాళ్ళు కనీసం పట్టపగలు యంత్రాలతో వచ్చి, ఫలానా రోజు కొడతామని ముందు చెప్పి కొట్టారు.

బావగారి మాటలు నన్ను అంతగా కుంగదీయలేదు. ఆయన ఆ తీరు మనిషని పెళ్ళిచూపుల్లోనే తెలుసుకోవాల్సింది. కొట్లో మాటలు జరుగుతున్నంతసేపూ మావారు ఒక బస్తా కుట్టు దారం పీకుతూ కూర్చున్నారు. ఆయన నోరు విప్పుతారని ఎదురుచూశాను. అన్నయ్యా, తప్పు మనది అనక్కర్లేదు, ఆమెకు చెప్పాల్సింది అంటే చాలు. అనలేదు. మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వచ్చారు. ఆకు ముందు కూర్చున్నాక అడిగాను.

“ఏవండీ, షాఫ్టు ఇచ్చేసిన సంగతి మీకు ముందే తెలుసా?”

“తెలుసు. వాళ్ళ మనిషి వస్తే కొట్లోంచి తీసి ఇచ్చింది నేనే.”

“మరి నాతో ఒక్క మాట అనలేకపోయారా?”

“అంటే నువ్వు ఊరుకోవు కదా. అన్నయ్యను అడుగుతావు, ఆయన నొచ్చుకుంటారు. ఇంట్లో అందరం బాగానే ఉన్నాం కదా అని.”

చారు గిన్నె నా చేతిలోనే ఉంది. నేను గట్టు మీద దిగబడిపోతానని మీకు ఒక్కసారి కూడా అనిపించలేదా అని అడిగాను. ఆయన తినడం ఆపారు. అబద్ధం చెప్పే మనిషి కాదు.

“అనిపించింది. దిగబడితే లాగడానికి ఎవరో ఒకరు వస్తారులే అనుకున్నాను.”

ఎగతాళిగా అనలేదు. నిజంగా అలాగే అనుకున్నారు, అందులో తప్పేముందో ఇప్పటికీ ఆయనకు తెలియదు. చారు పోశాను. పెరుగు వేశాను. తిని, చెయ్యి కడుక్కుని, కొట్టుకి వెళ్ళిపోయారు. ఆ తర్వాత మా ఇంటికి రెండు కార్లు వచ్చాయి, అబ్బాయి కోసం ఒకటి, మా కోసం ఒకటి. మాది నాలుగు చక్రాలూ లాగేదే, నన్నడిగే కొన్నారు. ఆయన ఇప్పటికీ స్టీరింగ్ ముట్టుకోరు, కంటిచూపు కూడా తగ్గింది. ఎక్కడికైనా తీసుకెళ్తావా అని అడుగుతుంటారు. ఆటో పిలుచుకోండి, ఎవరో ఒకరు వస్తారు అంటాను.